బురద టైరు ఎంచుకోవడం: ఫోర్‌బైఫోర్ బళ్లకు ఎంటీ టైర్ల సమగ్ర మార్గదర్శి

ఎంటీ, అంటే మడ్ టెర్రెయిన్ టైరు కొనేవాళ్లలో చాలామంది బటన్ల (టైరు మీద పొడుచుకొచ్చే రబ్బరు దిమ్మల) సైజు చూసి మోజుపడతారు. కానీ ఆ టైరు మూలన పడేది చాలాసార్లు బటన్లు అరిగిపోయి కాదు. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) తెగో, ఉబ్బో, బరువుకు తగ్గ గాలి లేక వేడెక్కి లోపలి పొరలు విడిపోయో పాడవుతుంది. అందుకే ఇక్కడ బటన్ల సంగతి ఐదో మెట్టులో గానీ రాదు. థార్, జిమ్నీ, గూర్ఖా, మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ లాంటి పార్ట్‌టైమ్ ఫోర్‌బైఫోర్‌లు (కావాలనుకున్నప్పుడే నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందించే బళ్లు) మనసులో పెట్టుకుని రాసిన లెక్కలివి. పొలానికి ఎరువు బస్తాలు మోసే పికప్‌కైనా, ఆదివారం ట్రాక్‌కు వెళ్లే బండికైనా వరస ఇదే.

1. మీ బురద ఏ రకమో తేల్చుకోండి

బురదలన్నీ ఒకటి కావు. అడుగున ఏముందన్నదే అసలు ప్రశ్న.

దమ్ము చేసిన వరి మడి సంగతి చూడండి. ఏళ్ల తరబడి దున్నీ తొక్కీ, మెత్తటి పొర కింద సుమారు 15 నుంచి 25 సెంటీమీటర్ల లోతున ఒక గట్టి పొర ఏర్పడి ఉంటుంది. అక్కడ టైరు పని బురదను చీల్చుకుని ఆ గట్టి పొరను అందుకోవడం. ఎత్తుగా, సన్నగా ఉన్న టైరు ఆ పని బాగా చేస్తుంది. వెడల్పు టైరు బురద మీదే తేలుతూ జారుతుంది. వానలకు మెత్తబడిన డొంక దారులు కూడా ఎక్కువగా ఈ కోవలోవే, కింద గట్టి నేల ఉంటుంది.

నల్లరేగడి వేరు. దాని బంక తడిసిందంటే ఉబ్బి, అంటుకున్నచోటు వదలదు. పది గజాలు వెళ్లేసరికి బటన్ల మధ్య సందులు పూడిపోయి ఎంటీ టైరు కాస్తా నున్నటి టైరవుతుంది. ఇక్కడ లోతైన బటన్ కంటే వెడల్పైన సందు ముఖ్యం. మట్టి విదిలించుకుపోవాలంటే చక్రం కొంచెం వేగంగా తిరగాలి కూడా. నత్తనడకన వెళ్తే ఎంత ఖరీదైన టైరైనా దులుపుకోలేదు.

కోస్తాలో ఉప్పుటేళ్ల పక్కన ఉండే అడుగులేని ఊబికి పై రెండు సూత్రాలూ పనికిరావు. అక్కడ వెడల్పు టైరు, తక్కువ గాలి, తేలికైన బండి కావాలి. ఇంకా మంచిది, చుట్టు తిరిగి వెళ్లడం.

ఒక హద్దు మాత్రం గుర్తుంచుకోండి. థార్ గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ బండి అడుగుకూ మధ్య ఎత్తు) 226 మిల్లీమీటర్లు, జిమ్నీది 210. చక్రాలు దిగబడి ఆక్సిల్ మధ్యలో ఉబ్బుగా ఉండే గుండు బురద మీద కూర్చుందంటే బండి బరువు టైర్ల మీద ఉండదు. ఆ తర్వాత బటన్లు గాలిలో తిరిగినట్టే.

రాతి నేలల్లో, కంకర క్వారీ దారుల్లో, కంది, పత్తి కోసిన చేలల్లో తిరిగేవాళ్లకు బురద కంటే పెద్ద శత్రువులు మొనదేలిన రాళ్లూ, ఏటవాలుగా నరికిన మోళ్లూ. వాళ్లు నాలుగో మెట్టు రెండుసార్లు చదవాలి.

2. తారు రోడ్డు వాటా నిజాయితీగా లెక్కపెట్టండి

ఒక నెలపాటు ఎన్ని కిలోమీటర్లు ఎక్కడ తిరిగారో రాసుకోండి. నూటికి డెబ్బై పైన తారే అయితే ఎంటీ వద్దు, ఏటీ (ఆల్ టెర్రెయిన్) తీసుకోండి. ఇది చాలామందికి రుచించని సలహా. కానీ ఎంటీ టైరు ముఖంలో (రోడ్డుకు ఆనే వైపు) నేలను తాకే రబ్బరు తక్కువ, సన్న గీతలూ తక్కువ. తడి తారు మీద బ్రేకు వేస్తే ఎక్కువ దూరం జారి ఆగుతుంది. అరవై దాటితే రొద మొదలవుతుంది, సగం అరిగాక ఆ రొద ఇంకా పెరుగుతుంది. టైరు బరువు, దొర్లడానికి పడే నిరోధం పెరిగినందుకు ఇంధనం కూడా ఎక్కువ తాగుతుంది. కంకర, ఎండు మట్టి, ఓ మోస్తరు చిత్తడికి మంచి ఏటీ సరిపోతుంది. ఏడాదికి నాలుగు వారాలే బురద అయితే, ఏటీ టైర్లకు తోడు రెండు రికవరీ బోర్డులూ (ఇరుక్కున్న చక్రం కింద పెట్టే పలకలు) గాలి కొట్టే ఒక కంప్రెసరూ కొనుక్కోవడం తెలివైన బేరం.

3. సైజు లెక్క

టైరు మొత్తం వ్యాసం తెలియాలంటే, వెడల్పును సైడ్‌వాల్ శాతంతో గుణించి, రెట్టింపు చేసి, రిమ్ము అంగుళాలను 25.4తో గుణించగా వచ్చింది కలపండి. థార్ ఎల్‌ఎక్స్ వేరియంట్‌కు వచ్చిన 255/65 ఆర్18 (255 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 65 శాతం సైడ్‌వాల్ ఎత్తు, 18 అంగుళాల రిమ్ము) తీసుకుంటే: 255 × 0.65 = 165.75. రెండు వైపులా కలిపి 331.5. రిమ్ము 457.2. మొత్తం వ్యాసం 788.7 మిల్లీమీటర్లు.

దాని బదులు 255/70 ఆర్18 వేస్తే 814.2 అవుతుంది, 3.2 శాతం ఎక్కువ. అప్పుడు మీటరు 80 చూపిస్తుంటే బండి నిజంగా 82.6లో పోతుంటుంది. ఇంత చేసినా క్లియరెన్స్ పెరిగేది వ్యాసంలో పెరిగినదాంట్లో సగం, అంటే 13 మిల్లీమీటర్లలోపే. గేరింగ్ బరువెక్కుతుంది, బురదలో మొదటి గేరు ఈడ్పు తగ్గినట్టు తెలుస్తుంది. మూడు శాతం లోపు ఆగిపోవడం మంచిదని చెప్పేది ఇందుకే. జిమ్నీ 195/80 ఆర్15 వ్యాసం 693. దానికి 215/75 ఆర్15 వేస్తే 703.5, ఒకటిన్నర శాతమే తేడా. అది సుఖమైన మార్పు.

పెద్ద రిమ్ము మోజు బురదలో చెడ్డ మోజు. థార్‌లోనే కొన్ని వేరియంట్లకు కంపెనీ ఇచ్చిన 245/75 ఆర్16 చూడండి. వ్యాసం 773.9, పద్దెనిమిది అంగుళాల టైరు కంటే కొద్దిగా తక్కువ. కానీ సైడ్‌వాల్ ఎత్తు 183.75, అంటే 18 మిల్లీమీటర్లు ఎక్కువ. గాలి తగ్గించినప్పుడు వంగేదీ, రాయి తగిలితే రిమ్మును కాపాడేదీ ఆ రబ్బరే. పైగా సన్నం కూడా.

రిమ్ము వెడల్పు టైరుకు సరిపోవాలి. 215/75 ఆర్15కు ఐదున్నర నుంచి ఏడు అంగుళాలు, 245/75 ఆర్16కు ఆరున్నర నుంచి ఎనిమిది అంగుళాలు. సన్న రిమ్ము మీద వెడల్పు టైరు ఎక్కిస్తే ముఖం గుండ్రంగా ఉబ్బి మధ్యలోనే అరుగుతుంది.

తగులుతుందా లేదా అన్నది స్టీరింగ్ రెండు పక్కలా పూర్తిగా తిప్పి, ఒక ముందు చక్రాన్ని దిమ్మ మీదికి ఎక్కించి చూడాలి. చదును నేల మీద తగలనిది గుంటలో తగులుతుంది. పొడిగా ఉన్నప్పుడు కనీసం 25 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి, లేదంటే రేగడి ఆ సందులో గట్టిపడి లోపలి ప్లాస్టిక్ లైనర్‌ను పీకేస్తుంది.

చట్టం సంగతీ చూసుకోవాలి. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కట్టడి చేస్తుంది. ఫెండర్ (చక్రం మీది మడ్‌గార్డు) బయటికి పొడుచుకొచ్చే టైర్లయితే చెకింగులో ఆపుతారు, బీమా క్లెయిమ్‌లో పేచీ వస్తుంది. కంపెనీ సైజుల్లోనే ఎంటీ దొరికితే అదే తీసుకోండి.

4. బరువు, పొరలు: మన్నిక ఉండేది ఇక్కడే

టైరు మీద సైజు తర్వాత రాసి ఉండే 104/101క్యూ లాంటి అంకెలు చదవడం నేర్చుకోండి. మొదటిది లోడ్ ఇండెక్స్, అంటే ఒక్కో టైరు మోయగల బరువుకు గుర్తు. 100 అంటే 800 కిలోలు, 104 అంటే 900, 111 అంటే 1090, 116 అంటే 1250. రెండో అంకె జంట చక్రాలకు, మనకు అక్కర్లేదు. క్యూ అంటే గంటకు 160 కిలోమీటర్ల హద్దు, ఎస్ 180, టి 190. ఎంటీల్లో క్యూ సర్వసాధారణం.

మీ బండిని మామూలుగా వేసే లోడుతో వేబ్రిడ్జికి తీసుకెళ్లి, వెనక ఆక్సిల్ ఒక్కటే కాటా మీద ఉంచి తూకం వేయించండి. 1500 కిలోలు వచ్చిందనుకుంటే టైరుకు 750. అయితే 104 చాలు కదా అనిపిస్తుంది, కానీ ఇక్కడో మెలిక ఉంది. సైజు ముందు ఎల్‌టీ (లైట్ ట్రక్) అని ఉన్న టైరు ఆ 900 కిలోలు మోసేది గరిష్ఠ గాలి ఉన్నప్పుడు మాత్రమే. సి రేంజి (ఈ అక్షరాల సంగతి కిందనే ఉంది) ఎల్‌టీ టైరుకు ఆ గరిష్ఠం 50 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత). 35 పెట్టి తిరిగితే అదే టైరు సత్తా 700 కిలోల చుట్టుపక్కలకు పడిపోతుంది. కారు టైర్లు తీసేసి ఎల్‌టీ వేయించుకుని, తలుపు దగ్గర స్టిక్కరు మీదున్న పాత గాలే పెట్టించుకునే పికప్‌లు వెనక టైర్లు పగలగొట్టుకునేది ఈ తప్పుతోనే. లోడు వేసే బండికి గాలి ఎంతో టైరు కంపెనీ లోడు పట్టికలో చూసి పెట్టించాలి.

సి రేంజి అంటే 6 ప్లై రేటింగు, డి అంటే 8, ఇ అంటే 10. ఇది బలానికి పేరే గానీ లోపల నిజంగా పది పొరలున్నాయని కాదు. అసలు పొరలు తెలుసుకోవాలంటే సైడ్‌వాల్ మీద చిన్న అక్షరాల వరస చదవండి. ముఖంలో ఎన్ని పాలిస్టర్, ఎన్ని స్టీల్, ఎన్ని నైలాన్ పొరలున్నాయో, పక్కన ఎన్నున్నాయో అక్కడ రాసి ఉంటుంది. రాళ్లలో, మోళ్లలో తిరిగేవాళ్లకు సైడ్‌వాల్‌లో మూడు పొరలు కావాలి. తడి బురద, మెత్తటి నేల అయితే రెండు చాలు.

గట్టిదైతే మంచిదే కదా అని జిమ్నీకి ఇ రేంజి వేయించేవాళ్లున్నారు. పన్నెండు వందల కిలోల బండి కింద ఆ టైరు వంగదు. గాలి ఇరవైకి తీసినా పాదం (నేలకు ఆనే టైరు భాగం) పరుచుకోదు, నడుములు మాత్రం విరుగుతాయి. జిమ్నీకి సి, ఖాళీగా తిరిగే థార్‌కు సి లేదా డి, లోడు మోసే పికప్‌కు డి లేదా ఇ. మన్నిక అంటే బండి బరువుకు తగ్గ గట్టిదనమే.

5. ఇప్పుడు బటన్లు

కొత్త ఎంటీ బటన్ లోతు 12 నుంచి 15 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. మామూలు రోడ్డు టైరుది ఎనిమిది చుట్టుపక్కల. లోతు కంటే ఈ నాలుగూ చూడండి.

భుజం (ముఖమూ సైడ్‌వాలూ కలిసే అంచు) దగ్గరి బటన్ల మధ్య సందు బయటికి వెడల్పవుతూ పోవాలి. మట్టి పక్కకు జారిపోయే దారి అది. సందుల అడుగున చిన్న చిన్న గట్లు ఉంటే అవి రాళ్లను నెట్టేస్తాయి. లేకపోతే ఇరుక్కున్న రాయి తిరుగుడు తిరుగుడుకూ లోపలికి తవ్వుతూ స్టీల్ బెల్టు దాకా పోతుంది, నీళ్లు దిగి తుప్పు పడుతుంది. పక్క పక్క బటన్లను మొదట్లో కలిపే అడ్డపట్టీలు ఉన్న టైరు తారు మీద తక్కువ ఊగుతుంది, అరుగుడు సమంగా ఉంటుంది. ఇక భుజం కిందికి సైడ్‌వాల్ మీదికి దిగే బటన్లు. చూడ్డానికి సోకులా ఉంటాయి గానీ లోతైన గాడిలో గోడలను పట్టుకుని ఎక్కించేవీ, మోడు గుచ్చుకుంటే ముందు దెబ్బ తినేవీ అవే.

రాతి నేలకు బటన్లు దగ్గరగా, దిమ్మల్లా ఉన్నది మేలు. విడివిడిగా, పొడుగ్గా నిలబడ్డ బటన్లు రాయి మీద చక్రం గిర్రున తిరిగినప్పుడు ముక్కలుగా ఊడిపోతాయి. రేగడికి ఉల్టా, విడిగా ఉన్నదే మేలు. మ్యాక్సిస్ బిగ్‌హార్న్ ఎంటీ-764, రేజర్ ఎంటీ-772, యోకోహామా జియోలాండర్ ఎం/టీ జీ003, బీఎఫ్‌గుడ్‌రిచ్ కేఎం3 బొమ్మలు పక్కపక్కన పెట్టి ఈ నాలుగు అంశాలూ పోల్చండి. ఏది మీ నేలకు పనికొస్తుందో పేరు చూడకుండానే తెలుస్తుంది. ఆ తర్వాత మీ సైజులో ఉందో లేదో అడగండి.

6. షాపులో

2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని లైసెన్సు ఉంటేనే అనుమతించే జాబితాలో చేర్చింది. అప్పటినుంచి కొన్ని విదేశీ ఎంటీ సైజుల సరఫరా గతుకులమయం. గోడౌన్‌లో పాతబడ్డ సరుకు అంటగట్టే అవకాశం అందుకే ఎక్కువ. సైడ్‌వాల్ మీద డాట్ (DOT) అని మొదలయ్యే తయారీ కోడ్ చివరి నాలుగు అంకెలు చూడండి. 2324 ఉంటే 2024లో 23వ వారం తయారీ. ఏడాది దాటినదైతే రేటు తగ్గించమని అడగండి, రెండేళ్లు దాటితే వదిలేయండి. ఆ పూర్తి కోడ్ టైరుకు ఒక పక్కనే ఉండొచ్చు, రెండో వైపు తిప్పించి చూడండి. ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరిగా ఉండాలి.

బటన్ మొదట్లో గోటితో వంచి చూడండి, సన్నని వెంట్రుక పగుళ్లుంటే రబ్బరు ఎండిపోయింది. ఒకదానిమీద ఒకటి పేర్చి అణగ్గొట్టిన టైర్ల బీడ్ (రిమ్మును పట్టుకునే లోపలి అంచు) వంకరపోయి ఉంటుంది, అలాంటివి వద్దు.

ఐదూ ఒకేసారి, ఒకే మోడల్, వీలైతే ఒకే నెల తయారీ కొనండి. స్టెప్నీ పాత టైరే ఉంచుకుని డబ్బు మిగిల్చామనుకుంటారు. అడవిలో ఒకటి తెగి, వేరే వ్యాసం స్టెప్నీ వేసి ఫోర్‌బైఫోర్ పెడితే ముందు, వెనక షాఫ్టులు వేర్వేరు వేగాల్లో తిరిగి ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజను శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే గేరు పెట్టె) బిగుసుకుంటుంది. స్టెప్నీ వెనక తలుపుకు వేలాడే బళ్లలో పెద్ద టైరు బరువుకు తలుపు కీళ్లు కుంగుతాయి, అదీ చూసుకోండి.

7. బిగింపు

బీడ్‌కు సబ్బు నీళ్లు లేదా టైరు పేస్టే రాయాలి. గ్రీజు, డీజిల్ రబ్బరును తింటాయి. బీడ్ కూర్చోవడానికి 40 పీఎస్‌ఐ మించి కొట్టనివ్వొద్దు. కూర్చోకపోతే గాలి తీసి మళ్లీ సబ్బు పూసి మొదలుపెట్టాలి. వాల్వులు కొత్తవి వేయించండి. టైరు మీద పసుపు చుక్క ఉంటే దాన్ని వాల్వు ఎదురుగా పెట్టిస్తే బ్యాలెన్సింగ్ బరువు తక్కువ పడుతుంది. ఎంటీకి వంద గ్రాముల దాకా పట్టడం వింతేమీ కాదు. అంతకు మించి అడుగుతుంటే టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పించి మళ్లీ చూడాలి.

నట్లు ఎదురెదురువి ఒకదాని తర్వాత ఒకటి బిగించి, చివరి బిగింపు టార్క్ రెంచితో మాన్యువల్‌లో ఉన్న కొలతకు వేయించండి. వంద కిలోమీటర్లు తిరిగాక ఒకసారి మళ్లీ చూడాలి. నైట్రోజన్ కొట్టించమంటే నవ్వి ఊరుకోండి. వచ్చే వారం బురద ఒడ్డున దాన్ని వదిలేసేది మీరే.

8. గాలి, తిప్పకం (టైర్ల చోట్లు మార్చడం)

మొదటి ఐదు వందల కిలోమీటర్లు నెమ్మదిగా తిరగండి, తయారీలో అంటిన అచ్చుల నూనె పోయి పట్టు వస్తుంది.

బురదకు ముందు గాలి 18 నుంచి 20కి తగ్గించండి. పాదం వెడల్పు కంటే పొడుగు ఎక్కువ పెరుగుతుంది, పట్టు వచ్చేది అందుకే. బీడ్‌లాక్ రిమ్ములు (బీడ్‌ను ఊడకుండా బిగించి పట్టే రిమ్ములు) లేనిదే 15 కిందికి పోవద్దు, మలుపులో బీడ్ ఊడుతుంది. పైకి వచ్చాక తారెక్కేముందే గాలి నింపాలి. వేసవి తారు మీద 18తో వంద కిలోమీటర్ల వేగం పోతే సైడ్‌వాల్ వంగి వంగి వేడెక్కి బెల్టు విడిపోతుంది, అది ఆ రోజే బయటపడకపోవచ్చు. కంప్రెసర్ వైరు లైటర్ సాకెట్‌లో కాకుండా నేరుగా బ్యాటరీకే తగిలించండి, లేకుంటే ఫ్యూజు పోతుంది.

ఐదు వేల కిలోమీటర్లకొకసారి ఐదు టైర్లూ తిప్పండి: వెనకవి రెండూ అదే పక్క ముందుకు, ముందు ఎడమది వెనక కుడికి, ముందు కుడిది స్టెప్నీకి, స్టెప్నీ వెనక ఎడమకు. ముఖం మీద బాణం గుర్తున్న టైర్లకు ఇది కుదరదు, వాటిని అదే పక్క ముందు వెనకలు మార్చాలి.

ఎక్కడ తేడా వస్తుంది, ఎందుకు

బురదకు వెళ్లొచ్చిన మర్నాడు స్టీరింగ్ వణికితే అలైన్‌మెంట్ షాపుకు పరుగెత్తకండి. రిమ్ము లోపలి వైపు ఎండిన మట్టి పెళ్లలుంటాయి, చక్రం తీసి కడగండి. నూటికి తొంభై సార్లు అక్కడితో పోతుంది.

రోజూ రెండు మూడు పీఎస్‌ఐ దిగుతూ, మేకు కనబడకపోతే బీడ్‌కూ రిమ్ముకూ మధ్య ఇసుకో గడ్డి పోచో ఇరుక్కుంది. గాలి తక్కువ పెట్టి తిరిగిన బళ్లకు మామూలే. టైరు విప్పి రెండు అంచులూ శుభ్రం చేయించాలి, సీలెంట్ పోస్తే జబ్బు దాగుతుంది.

చెయ్యి ముఖం మీద ఒక వైపు జరిపితే నున్నగా, రెండో వైపు రంపంలా తగిలితే బటన్ల ఒక అంచే ఎక్కువగా అరుగుతోంది. తిప్పకం మరిచినందుకో, ముందు చక్రాల టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పినందుకో వస్తుంది. త్వరగా పట్టుకుంటే మారుస్తూ ఆపొచ్చు, రొద మొదలయ్యాక పోదు.

సైడ్‌వాల్ ఉబ్బిందంటే లోపల దారాలు తెగాయి. దానికి మందు లేదు, తీసేయాల్సిందే. సైడ్‌వాల్ తెగినా అంతే. పంక్చర్ షాపువాడు ప్లగ్ వేసిస్తే ఇంటికి నెమ్మదిగా చేరడానికే వాడుకోండి. ముఖంలో ఆరు మిల్లీమీటర్లలోపు రంధ్రమైతే లోపలినుంచి మష్రూమ్ ప్యాచ్ (పుట్టగొడుగు ఆకారపు అతుకు) వేయించొచ్చు.

లోతు గేజుతో మూడు నెలలకొకసారి కొలిచి రాసుకోండి. ఆరేడు మిల్లీమీటర్లకు దిగిన ఎంటీ బురదలో చేసేదేమీ ఉండదు. పైకి ఇంకా బటన్లు కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి చాలామంది నమ్మి దిగి ఇరుక్కుంటారు. ఆ తర్వాత దాన్ని ఎండు దారుల్లో వాడుకుని, అరుగుడు గుర్తు దగ్గరికి, అంటే 1.6 మిల్లీమీటర్లకు రాకముందే దించేయండి. బటన్లు మిగిలి ఉన్నా డాట్ తేదీకి ఆరేళ్లు నిండితే ఏటా విప్పించి లోపలి వైపు కూడా చూపించాలి. పదేళ్లకు స్టెప్నీగా కూడా ఉంచొద్దు.